మూడు లక్షల అరవై మూడు వేల డాలర్ల ప్రశ్న

పెళ్లి హక్కు పోరాటాలు – 7వ భాగం

గత భాగాన్ని 1996 సెప్టెంబరు 21 దగ్గర ఆపాం. ఆ రోజు అధ్యక్షుడు బిల్ క్లింటన్ ‘వివాహ పరిరక్షణ చట్టం’ మీద సంతకం పెట్టారు. అమెరికాలో దాన్ని పొట్టిగా ‘డోమా’ అంటారు. హవాయి సుప్రీంకోర్టు 1993లో స్వలింగ జంటల వైపు ఒక్క అడుగు వేసేసరికి కంగారుపడి కాంగ్రెస్ తెచ్చిన చట్టమది. అప్పటికి దేశంలో ఒక్క రాష్ట్రం కూడా అలాంటి పెళ్లిని చట్టబద్ధం చేయలేదు. అయినా ప్రతినిధుల సభలో 342–67, సెనేట్‌లో 85–14 ఓట్లతో బిల్లు నెగ్గింది.

డోమా మూడో సెక్షన్ చాలా చిన్నది. ఫెడరల్ చట్టాల్లో ఎక్కడ ‘వివాహం’ అని కనిపించినా అది ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ జరిగిందే అయ్యుండాలని, ‘జీవిత భాగస్వామి’ అంటే భిన్న లింగానికి చెందిన భర్తో భార్యో మాత్రమేనని అది చెప్పింది. ఆ రెండు ముక్కలు ఎంత దూరం పాకాయో 2004లో కాంగ్రెస్ తరఫున పనిచేసే ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం లెక్కగట్టింది. దంపతులన్న హోదా మీద ఆధారపడిన ఫెడరల్ నిబంధనలు 1,138 తేలాయి. ఆదాయపు పన్ను, వారసత్వ పన్ను, సోషల్ సెక్యూరిటీ, ఉద్యోగుల వైద్య బీమా, వీసా, చివరికి సైనికుల శ్మశానంలో భర్త పక్కన భార్యకు దక్కే చోటు కూడా అందులో ఉన్నాయి.

ఈ చట్టం నడుం విరిచింది ఒక పన్ను కేసు. పెళ్లి హక్కు కోసం ఉద్యమాలు సాగుతున్న రోజుల్లో ఇది ఒక ఆస్తిపరురాలి డబ్బు తగాదాలా కనిపించింది. కానీ ఒక మనిషి నీకు ఏమవుతారో ప్రభుత్వం తేల్చి చెప్పేది ఇలాంటి కాగితాల్లోనే. పన్ను ఫారంలో ఒక గడి, పింఛను దరఖాస్తులో ఒక గీత, ఆసుపత్రి రిజిస్టరులో ‘మీరు ఏమవుతారు’ అన్న ప్రశ్న. ఆ గడిలో నీ పేరు చెల్లదంటే, మీరిద్దరూ గడిపిన బతుకు చెల్లదన్నట్టే. అందుకే ఈ కేసును ఆ ఇద్దరి బతుకు దగ్గర్నుంచే చెప్పుకోవాలి.

ఉంగరం బదులు బ్రోచ్

ఈడిత్ విండ్సర్ 1929లో ఫిలడెల్ఫియాలో, రష్యా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టింది. అందరికీ ఆమె ఈడీ. చదువయ్యాక అందరిలాగే ఒకతన్ని పెళ్లి చేసుకుంది. తన మనసు ఆడవాళ్ల మీదేనని అతనికి చెప్పి కొద్దికాలానికే విడిపోయింది. న్యూయార్క్ చేరి, 1957లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో గణితంలో పీజీ పూర్తిచేసి, మరుసటి ఏడు ఐబీఎంలో ప్రోగ్రామరుగా చేరింది. ఆడవాళ్లు అరుదైన ఆ రంగంలో సీనియర్ సిస్టమ్స్ ప్రోగ్రామర్ హోదా దాకా వెళ్లింది.

అది భయం రాజ్యమేలిన కాలం. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1953లో ఇచ్చిన ఒక ఉత్తర్వు ‘లైంగిక వక్రత’ను ఫెడరల్ కొలువుకు అనర్హతగా చేసింది. ఆ మాటను అడ్డుపెట్టుకుని వేలమందిని ఉద్యోగాల్లోంచి ఊడబెరికారు. ప్రైవేటు కంపెనీలో ఉన్నా ఈడీ నోరు విప్పే వీలులేదు.

1963లో గ్రీనిచ్ విలేజ్‌లోని పోర్టోఫీనో అనే రెస్టారెంట్లో ఆమెకు థియా స్పయర్ పరిచయమైంది. థియా 1931లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టింది. నాజీలు హాలండ్‌ను ఆక్రమించకముందే ఆ యూదు కుటుంబం దేశం దాటింది. న్యూయార్క్‌లో ఆమె క్లినికల్ సైకాలజిస్టు. ఆ రాత్రి ఇద్దరూ ఈడీ మేజోడు చిరిగేదాకా నాట్యం చేశారు. రెండేళ్ల తర్వాత జంటయ్యారు.

ఆఫీసుకు థియా ఫోన్లు చేస్తుంటే ఎవరని అడిగేవాళ్లు. ఈడీ ఒక కట్టుకథ అల్లింది. థియాకు విల్లీ అనే అన్న ఉన్నాడని, తాను అతనితో ప్రేమలో ఉన్నానని చెప్పేది. విల్లీ నిజానికి ఈడీ చిన్ననాటి బొమ్మ పేరు. 1967లో థియా పెళ్లి మాట ఎత్తింది. వేలికి ఉంగరం కనిపిస్తే పెళ్లికొడుకెవరని సహోద్యోగులు అడుగుతారు. అందుకని గుండ్రంగా వజ్రాలు పొదిగిన బ్రోచ్ ఒకటి ఇచ్చింది. ఆ నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య 40 ఏళ్లు గడిచాయి.

1977లో థియాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. నరాలను మెల్లగా చచ్చుబడేసే జబ్బది. మొదట చేతికర్ర వచ్చింది, తర్వాత ఊతకర్రలు, తర్వాత మోటారు కుర్చీ. చివరికి కాళ్లూ చేతులూ కూడా పడిపోయాయి. అప్పటికే ముందస్తు విరమణ తీసుకున్న ఈడీ ఆమెకు అన్నీ తానై చేసింది. రాత్రి పడుకోబెట్టడానికీ పొద్దున్న లేపి సిద్ధం చేయడానికీ గంటలు పట్టేది. అయినా నాట్యం మానలేదు. ఈడీ ఒళ్లో కూర్చుంటే థియా కుర్చీని గిరగిరా తిప్పేది.

1993లో న్యూయార్క్ నగరం స్వలింగ జంటలు పేర్లు నమోదు చేసుకునే రిజిస్టరు తెరిచింది. ఇద్దరూ వెళ్లి నమోదు చేసుకున్నారు. ఫెడరల్ ప్రభుత్వం కళ్లకు ఆ కాగితానికి ఏ విలువా లేదు.

టొరంటోలో పెళ్లి, న్యూయార్క్‌లో పన్ను

2007లో వైద్యులు థియాకు ఏడాది కంటే ఎక్కువ ఆయుష్షు లేదన్నారు. మర్నాడు పొద్దున్నే ఆమె ఈడీని అడిగింది, ఇంకా నన్ను పెళ్లి చేసుకోవాలనుందా అని. ఉందంది ఈడీ. న్యూయార్క్‌లో చట్టం ఒప్పుకోదు. కెనడాలో ఒప్పుకుంటుంది. మోటారు కుర్చీని విడిభాగాలుగా విప్పి విమానంలో ఎక్కించి, స్నేహితుల సాయంతో టొరంటో చేరారు. 2007 మే 22న అక్కడి జడ్జి హార్వే బ్రౌన్‌స్టోన్ పెళ్లి జరిపించారు. ఈడీకి 77, థియాకు 75 ఏళ్లు.

2009 ఫిబ్రవరి 5న థియా చనిపోయింది. కొన్నాళ్లకే ఈడీకి గుండెపోటు వచ్చింది. ఆ దుఃఖంలో ఉండగానే పన్ను లెక్క వచ్చిపడింది.

అమెరికాలో చనిపోయినవారి ఆస్తి ఒక పరిమితి దాటితే ఫెడరల్ ఎస్టేట్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఆస్తి భర్తకో భార్యకో దక్కితే మాత్రం, ఎంత విలువైనదైనా ఈ పన్ను పడదు. ఇల్లూ పొదుపూ ఇద్దరి కష్టమే కాబట్టి, ఒకరు పోయినప్పుడు రెండోవారి దగ్గర పన్ను గుంజకూడదన్నది దాని వెనకున్న ఆలోచన. గ్రీనిచ్ విలేజ్‌లోని ఫ్లాటు, సౌతాంప్టన్‌లోని చిన్న ఇల్లు దశాబ్దాల కిందట కొన్నవి. వాటి ధరలు ఆకాశాన్నంటాయి. ఫెడరల్ పన్ను 3,63,053 డాలర్లు అయింది. అప్పటి మారకంలో మన డబ్బులో సుమారు కోటీ డెబ్బై లక్షల రూపాయలు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. వేరేచోట చట్టప్రకారం జరిగిన స్వలింగ వివాహాలను గుర్తించాలని 2008 కల్లా న్యూయార్క్ రాష్ట్రం నిశ్చయించుకుంది. అంటే సొంత రాష్ట్రం దృష్టిలో ఈడీ భార్యను పోగొట్టుకున్న మనిషి. ఫెడరల్ ప్రభుత్వం దృష్టిలో ఆమెకు థియా ఏమీ కాదు. థియా పేరు థియో అయ్యుంటే కట్టాల్సింది సున్నా. ఈడీ పన్ను కట్టేసి, తిరిగి ఇమ్మని దరఖాస్తు పెట్టింది. డోమా మూడో సెక్షన్ చూపించి పన్ను శాఖ తిప్పికొట్టింది.

ఓడిన లాయరు, ఒంటరి కక్షిదారు

ఈడీ మొదట ఒక పెద్ద హక్కుల సంస్థ దగ్గరికి వెళితే, ఉద్యమానికి ఇది అదను కాదన్నారు. వాళ్లు వెనకాడటానికి కారణం లేకపోలేదు. సుప్రీంకోర్టుకు వెళ్లి ఓడిపోతే ఒక తరం పాటు దారి మూసుకుపోతుంది. పైగా ఎస్టేట్ ట్యాక్స్ కట్టేంత ఆస్తి ఉన్న మనిషి మీద జనానికి జాలి కలుగుతుందా అన్న శంక.

చివరికి రాబర్టా కాప్లాన్ అనే న్యాయవాది ఈ కేసు తలకెత్తుకుంది. న్యూయార్క్‌లో స్వలింగ వివాహం కోసం వాదించి, 2006లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానంలో ఓడిపోయిన లాయరు ఆమె. ఈడీ ఇంటి గుమ్మం ఆమెకు కొత్త కాదు. 1991లో, తన ప్రేమ విషయం తెలిసి కన్నతల్లి తట్టుకోలేకపోయిన రోజుల్లో, కుంగిపోయి కౌన్సెలింగ్ కోసం వెళ్లింది ఆ ఇంటికే. అప్పుడు ఆమెకు ధైర్యం చెప్పిన సైకాలజిస్టు థియా.

2010 నవంబరు 9న న్యూయార్క్ దక్షిణ జిల్లా ఫెడరల్ కోర్టులో దావా పడింది. కాప్లాన్ వ్యూహం సూటిగా ఉంది. దేశమంతటా స్వలింగ వివాహం కావాలని ఆమె అడగలేదు. పెళ్లి విషయాలు మొదటినుంచీ రాష్ట్రాలవి, ఒక రాష్ట్రం ఒప్పుకున్న పెళ్లిని కొందరికి మాత్రం కాదనడానికి ఫెడరల్ ప్రభుత్వానికి కారణమేమిటి అని మాత్రమే అడిగింది. తన పక్షాన సిద్ధాంతాలకంటే ముందు ఈడీని నిలబెట్టింది. నలభై ఏళ్ల కాపురాన్ని చూసి అపరిచితులనడం ఏ జడ్జికైనా కష్టమని ఆమెకు తెలుసు.

డోమాను ఢీకొన్నది ఈడీ ఒక్కతే అనుకోకూడదు. మసాచుసెట్స్‌లో మేరీ బొనాటో అనే న్యాయవాది నాయకత్వంలో 2009లోనే ఒక దావా పడింది. అందులోని పిటిషనర్లలో డీన్ హారా ఒకరు. ఆయన భర్త గెర్రీ స్టడ్స్ అమెరికా కాంగ్రెస్‌లో తాను గే అని బాహాటంగా చెప్పుకున్న మొదటి సభ్యుడు. 2006లో స్టడ్స్ చనిపోతే, కాంగ్రెస్ సభ్యుల భార్యలకు, భర్తలకు వచ్చే పింఛను హారాకు ఇవ్వలేదు. చట్టాలు చేసే సభలో దాదాపు పాతికేళ్లపాటు కూర్చున్న మనిషి కుటుంబానికే ఆ సభ చేసిన చట్టం పింఛను ఎగ్గొట్టింది. ఆ కేసులో 2010 జులైలో జడ్జి జోసెఫ్ టౌరో డోమా మూడో సెక్షన్ రాజ్యాంగవిరుద్ధమన్నారు. దారి కొద్దిగా తెరుచుకుంది.

ప్రభుత్వమే చేతులెత్తేసింది

2011 ఫిబ్రవరి 23న ఎవరూ ఊహించనిది జరిగింది. ఈ సెక్షన్‌ను కోర్టుల్లో ఇక సమర్థించబోమని అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ ప్రకటించారు. అది రాజ్యాంగానికి నిలవదని ఒబామా ప్రభుత్వం తేల్చుకుంది. అయితే రద్దయ్యేదాకా అమలు చేస్తూనే ఉంటామంది. దాంతో ఈడీ డబ్బు తిరిగి రాలేదు, కేసు సజీవంగా మిగిలింది. రిపబ్లికన్ల ఆధిక్యంలో ఉన్న ప్రతినిధుల సభ తన తరఫున పాల్ క్లెమెంట్‌ను లాయరుగా పెట్టుకుని చట్టాన్ని కాపాడటానికి దిగింది.

2012 జూన్ 6న జిల్లా జడ్జి బార్బరా జోన్స్ ఈడీ పక్షాన తీర్పిచ్చారు. అక్టోబరు 18న అప్పీలు కోర్టు 2–1తో అదే ఖరారు చేసింది. ఆ తీర్పు రాసిన డెనిస్ జేకబ్స్ సంప్రదాయవాదిగా పేరున్న జడ్జి. చారిత్రకంగా వివక్షకు గురైన, రాజకీయ బలం లేని వర్గం మీద చట్టం చేస్తే కోర్టులు దాన్ని మామూలు కంటే గట్టిగా పరీక్షించాలని ఆయన రాశారు. ఇలా చెప్పిన మొదటి ఫెడరల్ అప్పీలు కోర్టు అదే. డిసెంబరులో సుప్రీంకోర్టు కేసును విచారణకు తీసుకుంది.

మార్చి 27

2013 మార్చి 27న వాదనలు జరిగాయి. దేశమంతటా ఫెడరల్ లాభాలు ఒకే తీరుగా ఉండాలి కాబట్టి కాంగ్రెస్ ఒకే నిర్వచనం పెట్టుకుందని, ఇందులో ద్వేషం లేదని క్లెమెంట్ వాదించారు. అప్పుడు జస్టిస్ ఎలెనా కేగన్ 1996 నాటి సభా నివేదికను తెరిచారు. స్వలింగ సంపర్కం పట్ల నైతిక అసమ్మతిని తెలియజేయడం కూడా ఈ చట్టం ఉద్దేశమని అందులో ఉన్న వాక్యాన్ని చదివి వినిపించారు. కోర్టు హాలులో గుసగుసలు లేచాయి. పరిపాలనా సౌలభ్యం అన్న వాదన అక్కడే పలచబడింది.

జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ పన్నులు, సోషల్ సెక్యూరిటీ, సెలవులు ఒక్కొక్కటే ఎత్తుకుంటూ, ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఎలాంటి పెళ్లి అని అడిగారు. మీ లెక్కన రెండు రకాల పెళ్లిళ్లుంటాయి, ఒకటి పూర్తి పెళ్లి, రెండోది వెన్న తీసిన పాలలాంటి పెళ్లి అన్నారామె. ఆ పోలిక మర్నాటి పత్రికలన్నింటా వచ్చింది. లాభాలు వేరు, గౌరవం వేరు అన్న వాదనకు అంతకంటే మంచి జవాబు లేదు. వెన్న తీశాక కూడా దాన్ని పాలనే అంటారు. తాగేవాడికి తేడా తెలుస్తుంది.

5–4

2013 జూన్ 26న తీర్పు వచ్చింది. జస్టిస్ ఆంథొనీ కెనెడీ రాసిన తీర్పుతో గిన్స్‌బర్గ్, బ్రేయర్, సొటొమయార్, కేగన్ ఏకీభవించారు. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్, స్కాలియా, థామస్, అలిటో విభేదించారు. రాజ్యాంగం ఐదో సవరణ కాపాడే స్వేచ్ఛకు, సమానత్వానికి మూడో సెక్షన్ విరుద్ధమని కోర్టు తేల్చింది.

కెనెడీ తీర్పులో గమనించాల్సిన పద్ధతి ఒకటుంది. ఆయన గౌరవం గురించి పెద్ద మాటలు చెప్పి ఊరుకోలేదు. వైద్య బీమా, దివాలా చట్టం, కాపీరైటు, పిల్లల చదువుకు వచ్చే సాయం, సైనికుల శ్మశానం వరసగా పేర్కొన్నారు. ఇన్నిచోట్ల కాదనడం ద్వారా ఈ చట్టం ఆ జంటలకు మీ పెళ్లి రెండో తరగతి పెళ్లి అని చెబుతోందని, వాళ్లు పెంచుతున్న పిల్లల్ని అవమానిస్తోందని రాశారు. ఈ భాగం మొదట్లో చెప్పుకున్న 1,138 నిబంధనలే ఆ అవమానానికి రుజువులయ్యాయి.

ఆఫ్రికా పర్యటనకు వెళుతున్న ఒబామా విమానం నుంచే ఈడీకి ఫోన్ చేసి అభినందించారు. పన్ను సొమ్ము వడ్డీతో సహా వెనక్కి ఇవ్వాలన్న కింది కోర్టు తీర్పు ఖాయమైంది.

తీర్పు తర్వాత తెరుచుకున్న తలుపులు

తీర్పును ప్రభుత్వ శాఖలు త్వరగా అమల్లో పెట్టాయి. రెండు రోజులకే ఫ్లోరిడాలోని ఒక జంటకు దంపతుల హోదాలో గ్రీన్‌కార్డు పిటిషన్ మంజూరైంది. ఆగస్టు 29న పన్ను శాఖ, పెళ్లి జరిగిన చోట అది చట్టబద్ధమైతే చాలు, దంపతులు ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నా ఫెడరల్ పన్నుకు చెల్లుతుందని చెప్పింది. సోషల్ సెక్యూరిటీ మాత్రం నివాసమున్న రాష్ట్రాన్ని బట్టే చాలాకాలం నడిచింది. అప్పటికి స్వలింగ వివాహాన్ని ఒప్పుకున్నవి 13 రాష్ట్రాలే కాబట్టి, మిగతాచోట్ల ఎందరో వృద్ధులకు ఆ పింఛను అందలేదు.

ఆగస్టు 2న విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ లండన్‌లో మరో ప్రకటన చేశారు. వీసాల విషయంలో స్వలింగ దంపతులను మిగతా దంపతులతో సమానంగా చూస్తామన్నారు. ఇది తెలుగువాళ్లకు నేరుగా తగిలే మాట. హెచ్‌-1బీ మీద అమెరికా వెళ్లిన కొడుకు వెంట కోడలు హెచ్‌-4 మీద వెళ్లడం మన వీధుల్లో కొత్తేమీ కాదు. ఆ హెచ్‌-4 మొదటిసారి స్వలింగ దంపతులకూ అందింది. ఒక్కటే షరతు, పెళ్లి ఎక్కడైనా చట్టప్రకారం జరిగుండాలి. భారతదేశంలో అది కుదరదు కాబట్టి మనవాళ్లు ముందు వేరే దేశంలో పెళ్లి చేసుకోవాల్సిందే.

ఈ వీసా తలుపు ఎంతమంది తట్టి అలసిపోయారో చెప్పకపోతే ఈ చరిత్ర నిండదు. రిచర్డ్ ఆడమ్స్ అమెరికా పౌరుడు, టోనీ సల్లివన్ ఆస్ట్రేలియా వాడు. 1975లో కొలరాడోలోని బౌల్డర్‌లో క్లెలా రొరెక్స్ అనే కౌంటీ క్లర్కు, చట్టంలో అడ్డేమీ కనబడలేదంటూ కొన్ని స్వలింగ జంటలకు పెళ్లి లైసెన్సులిచ్చింది. అందులో ఈ జంట ఒకటి. ఆ పెళ్లి ఆధారంగా గ్రీన్‌కార్డు అడిగితే, వలస శాఖ అధికారిక లేఖలోనే వాళ్లను బూతుమాటతో ప్రస్తావించి, అలాంటి ఇద్దరి మధ్య నిజమైన దాంపత్యం ఉండదంటూ తిరస్కరించింది. 1982లో అప్పీలు కోర్టులో కూడా ఓడిపోయారు. విండ్సర్ తీర్పుకు ఆరు నెలల ముందు, 2012 డిసెంబరులో ఆడమ్స్ చనిపోయారు. 2016లో ఆ 1975 నాటి పెళ్లినే గుర్తించి ప్రభుత్వం సల్లివన్‌కు గ్రీన్‌కార్డు ఇచ్చింది. ఇచ్చిన హోదా, చనిపోయిన అమెరికా పౌరుడి భర్తగా.

ఈడీ విండ్సర్ 2017 సెప్టెంబరు 12న, 88వ ఏట కన్నుమూసింది. డోమాను పూర్తిగా రద్దుచేస్తూ, స్వలింగ వివాహాలకు ఫెడరల్ గుర్తింపును చట్టంలోనే రాస్తూ 2022 డిసెంబరు 13న అధ్యక్షుడు జో బైడెన్ కొత్త చట్టంపై సంతకం చేశారు.

మన దగ్గర ఇదే ప్రశ్న

2022 నవంబరులో హైదరాబాద్‌లో ఉంటున్న ఒక జంట, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద తమ పెళ్లిని నమోదు చేయమని మన సుప్రీంకోర్టును ఆశ్రయించింది. తర్వాత మరెన్నో పిటిషన్లు దానికి తోడయ్యాయి. సుప్రియో కేసుగా పేరుపడిన ఈ వ్యాజ్యంపై 2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. రాజ్యాంగంలో పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు న్యాయమూర్తులూ అన్నారు. పెళ్లి కాకపోయినా ఆ బంధానికి చట్టపరమైన గుర్తింపు ఉండాలా అన్నదానిపై 3–2గా చీలి, అవసరం లేదన్న పక్షం నెగ్గింది. ఆ ముగ్గురిలో తెలంగాణ హైకోర్టు పూర్వ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ హిమా కోహ్లి, తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ ఉన్నారు. 2025 జనవరి 9న రివ్యూ పిటిషన్లనూ కొట్టేశారు.

అయితే అదే తీర్పులో, పెళ్లి ఆధారంగా కట్టిన పింఛను, పీఎఫ్ వంటి పథకాలు ఈ జంటలకు నష్టం చేస్తున్నాయని మెజారిటీ పక్షాన రాసిన జస్టిస్ రవీంద్ర భట్ కూడా గుర్తించారు. కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేస్తామన్న కేంద్రం మాట రికార్డయింది. 2024లో కొన్ని అడుగులు పడ్డాయి. జంటగా బ్యాంకు ఖాతా తెరవడానికి, నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని ఆర్థిక శాఖ చెప్పింది. రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్లుగా చూడమని ఆహార శాఖ రాష్ట్రాలకు రాసింది. అదే ఏడు డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కన్నవాళ్లు తీసుకెళ్లిపోయిన ఒక యువతికి తన సహచరితో కలిసి బతికే హక్కుందని తేల్చింది.

ఇవి మంచి అడుగులే, సరిపోయేవి కావు. బ్యాంకు నామినీ డబ్బు చేతికి తీసుకోగలదు, అంతమాత్రాన వారసురాలు కాదు. వీలునామా రాయకుండా చనిపోతే హిందూ వారసత్వ చట్టం అన్నదమ్ముల దాకా వెతుకుతుంది గానీ, ముప్ఫై ఏళ్లు మంచంపక్కన కూర్చున్న సహచరి పేరు దానికి కనబడదు. 1952 నాటి పీఎఫ్ స్కీము ప్రకారం, కుటుంబం ఉన్న ఉద్యోగి బయటివారిని నామినీగా రాస్తే అది చెల్లదు. ఆ ‘కుటుంబం’ నిర్వచనంలో ఈ సహచరులు లేరు. మన దేశంలో 1985లోనే ఎస్టేట్ డ్యూటీ రద్దయింది కాబట్టి ఈడీకి వచ్చిన పన్ను ఇక్కడెవరికీ రాదు. కానీ ఆ మనిషి నీకేమవుతారన్న ప్రశ్న మాత్రం ప్రతి చావు తర్వాతా ఏదో ఒక కౌంటరు దగ్గర ఎదురవుతుంది.

పెళ్లి హక్కు మీద మన పార్లమెంటు ఎప్పుడు మాట్లాడుతుందో కాలమే తేల్చాలి. ఈలోగా పీఎఫ్‌లో, గ్రాట్యుటీలో, వారసత్వంలో ‘కుటుంబం’ అన్న నిర్వచనాన్ని సరిచేయడానికి ఎవరి తీర్పూ అక్కర్లేదు. ఒక సవరణ చాలు. ఆ సవరణ అడగటం చిన్న కోరికని ఎవరైనా అంటే, 3,63,053 డాలర్ల రసీదు ఒక దేశపు చట్టాన్ని ఎలా మార్చిందో వాళ్లకు చెప్పాలి.

వచ్చే భాగంలో: విండ్సర్ తీర్పు వచ్చిన రోజే పెళ్లి చేసుకోవాలనుకున్న ఇద్దరు ఒహాయో వాసులు, బాల్టిమోర్ విమానాశ్రయంలో ఆగిన వైద్య విమానంలో ఒక్కటైన కథ. మరణ ధ్రువీకరణ పత్రంలో ఒక్క పేరు కోసం మొదలైన కేసు 2015లో యాభై రాష్ట్రాల చట్టాన్ని ఎలా మార్చిందో చూద్దాం.